తిరుపతి, చిత్తూరు వైపు సంఘాల్లో స్త్రీలకు వాక్య శిక్షణ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పరిచర్యకు ఎవరి అనుమతి కావాలి?

కొర్లగుంట_మార్త
అందరికీ వందనాలు. మా స్త్రీల సమాజంలో పాతిక మంది దాకా ఉన్నారు. శుక్రవారం కూడిక తప్పకుండా జరుగుతుంది. నాలుగు పాటలు, సాక్ష్యాలు, ప్రార్థన అంశాలు, కాఫీ, అంతటితో సరి. బైబిల్లో ఒక్క పుస్తకమైనా మొదటి నుంచి చివరి దాకా చదివిన పాపాన పోలేదు. తెలిసినవాళ్ళు మూడు సంగతులు చెప్పండి. ఒకటి, ఏడాదికి సరిపడే పాఠం ఎలా వేసుకోవాలి? రెండు, డిగ్రీ అయిపోయిన ఇద్దరమ్మాయిలు వేదాంతం చదువుతామంటున్నారు, ఎక్కడికి పంపాలి? మూడు, వాక్యం చెప్పడం, సంస్కారం (ప్రభువు బల్ల) ఇవ్వడం, పెళ్ళి చేయడం, వీటిలో స్త్రీకి ఏది కుదురుతుంది, ఏది కుదరదు? మాలో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళు, లూథరన్లు, పెంతెకొస్తు వాళ్ళు అందరూ ఉన్నారు, ఒక కతోలిక అక్క కూడా వస్తుంది.

మదనపల్లె_మాష్టారు
మార్తమ్మా, మొదటిదానికి నేను చెబుతాను. పాతిక మందిని ఒకే గుంపుగా కూర్చోబెడితే అది పాఠం కాదు, ప్రసంగమే. పది పన్నెండు మందికి ఒక గుంపు చెయ్యండి. గుంపుకు ఇద్దరు నడిపేవాళ్ళు ఉండాలి. ఒకరు ప్రశ్నలు అడుగుతుంటే ఇంకొకరు గడియారం చూస్తూ, నోరు విప్పని వాళ్ళను గమనిస్తుండాలి.

గంటంపావు చాలు. పాట, ప్రార్థన పది నిమిషాలు. ఆ రోజు భాగాన్ని గట్టిగా రెండుసార్లు చదవడం పదిహేను నిమిషాలు. ప్రశ్నలు ముప్పై అయిదు. మిగతా పదిహేను నిమిషాలు ఆ భాగంలోంచి వచ్చిన ప్రార్థనకే. పాటలకు అరగంట వదిలేశారంటే కోతపడేది పాఠానికే.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలు, సుమారు 680 వచనాలు. వారానికి ఒక అధ్యాయం అని పెట్టుకోవద్దు. మొదటి అధ్యాయంలోనే 45 వచనాలున్నాయి, ఊపిరాడదు. వారానికి పాతిక వచనాల లెక్కన 27 వారాల్లో పూర్తవుతుంది. ఆ తర్వాత రూతు 85 వచనాలు, నాలుగు వారాలు. ఫిలిప్పీయులకు 104 వచనాలు, అయిదారు వారాలు. పండుగలు, పెళ్ళిళ్ళు, వానలు పోగా ఏడాది నిండిపోతుంది. ప్రకటన గ్రంథంతో మాత్రం మొదలుపెట్టకండి. అందరికీ ఆశ అదే, మూడో వారానికి యూట్యూబ్ ప్రవచనాలు వచ్చి కూర్చుంటాయి.

ప్రశ్నలు ఎలా ఉండాలో ఒక భాగం మీద చూపిస్తాను. మార్కు 5:21 నుంచి 43. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, దారిలో రక్తస్రావం గల స్త్రీ వచ్చింది. ముందు కంటికి కనబడేవే అడగండి. ఆమె జబ్బు ఎన్నేళ్ళది? పన్నెండు. అమ్మాయి వయసెంత? అదీ పన్నెండే. యాయీరుకు పేరుంది, ఆమెకు ఉందా? ఆయన ముందు నుంచి వచ్చి కాళ్ళ మీద పడ్డాడు, ఆమె ఎటు నుంచి వచ్చింది? ఇవన్నీ తేలాక లేవీయకాండము 15:25 నుంచి 27 చదివించండి. ఆమె పడకనూ, ఆమె కూర్చున్నదాన్నీ ముట్టినవాళ్ళందరూ అపవిత్రులవుతారన్న కట్టడ అక్కడుంది. అప్పుడు అసలు ప్రశ్న వెయ్యండి: ఎవరికీ తెలియకుండా బాగుపడి వెళ్ళిపోబోయిన మనిషిని అంతమందిలో ఎందుకు నిలబెట్టి మాట్లాడించినట్టు? అవతల యాయీరుకు తొందర ఉన్నా ఎందుకు ఆగినట్టు? ఇక్కడ మీరు జవాబు చెప్పకండి. పది క్షణాలు నిశ్శబ్దంగా ఉంటే నడిపేవాళ్ళకు చెమటలు పడతాయి, తామే చెప్పేస్తారు. ఆ ఒక్క అలవాటుతోనే చాలా గుంపులు మళ్ళీ ప్రసంగంలో పడిపోతాయి.

వరస పెట్టి తలా ఒక వచనం చదివించే పద్ధతి మానెయ్యండి. చదువురాని వాళ్ళు ఆ వరస తమదాకా వచ్చేలోపు బాత్రూమ్‌కని లేచిపోతారు, మరుసటి వారం రారు. బాగా చదివేవాళ్ళు ఇద్దరే చదవాలి. చదువురాని వాళ్ళ చేత విన్న కథ తిరిగి చెప్పించండి. చాలాసార్లు వాళ్ళే బాగా చెబుతారు. పాత బైబిలు గ్రాంథికం కుర్రపిల్లలకు ఎక్కదు. కంఠతకు అది ఉంచుకుని, పక్కన వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి పెట్టుకోండి.

పుత్తూరు_రూతక్క
మాష్టారు చెప్పింది బాగుండాది. ఇంగ టైము సంగతి కూడా చూసుకోండమ్మా. పల్లెల్లో పొద్దున సాయంత్రం పాల కేంద్రం వేళ ఎవురూ రారు. పదకొండు నుంచి ఒంటిగంట లోపల పెట్టుకోవాల. మామిడికాయల సీజన్లో, మే నుంచి జూలై దాకా, తోటలకీ గుజ్జు ఫ్యాక్టరీలకీ పోయేవాళ్ళు ఉంటారు. ఆ మూడు నెలలు ఆదివారం ఆరాధన అయినాక ముప్పావు గంట చాలు, కొత్త పుస్తకం ఎత్తుకోవద్దండి. చిత్తూరు, నగరి వైపు అయితే అరవ బైబిలు తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళను వేరేగా కూర్చోబెట్టొద్దు. తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి చదివితే రెండుసార్లు చదివినట్టూ అవుతుంది.

రేణిగుంట_బి.డి.
రెండో ప్రశ్నకు. డిగ్రీ ఉంది కాబట్టి బి.డి.కి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, వేదాంత పట్టా) వెళ్ళవచ్చు, నాలుగేళ్ళు. మన దేశంలో ప్రధాన సంఘాలు గుర్తించేది ఎక్కువగా వేదాంత పట్టాలిచ్చే సెరంపూర్ సెనేట్ పట్టాలనే. 1818లో మొదలైన సెరంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్ ద్వారా పట్టాలిచ్చే అధికారం వచ్చింది, 1918లో బెంగాల్ చట్టం దాన్ని ఖాయం చేసింది. మన వైపు వాళ్ళు ఎక్కువగా వెళ్ళేవి రెండు: హైదరాబాద్ ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ. మొదటిది 1964లో రాజమండ్రిలో పెట్టి, తర్వాత హైదరాబాద్‌కు మార్చారు. రెండోది 1910 నాటిది, అక్కడ స్త్రీల అధ్యయనానికి ప్రత్యేక విభాగమే ఉంది.

పాఠాల్లో ఏముంటుందో అమ్మాయిలకు ముందే చెప్పండి: పాత, కొత్త నిబంధనలు, సంఘ చరిత్ర, సిద్ధాంతం, ఇతర మతాలు, నీతిశాస్త్రం, హీబ్రూ, గ్రీకు. చాలామందికి మొదటి ఏడు కష్టమయ్యేది హీబ్రూ వల్ల కాదు, ఇంగ్లీషులో ఇరవై పేజీల వ్యాసం రాయాల్సి రావడం వల్ల. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్ళు వెళ్ళే ముందు ఆరు నెలలు ఇంగ్లీషులో చదివి, ఒక పేజీ సారాంశం రాయడం సాధన చేస్తే సగం భారం తగ్గుతుంది.

ఇల్లు వదిలి వెళ్ళలేని వాళ్ళకు సెనేట్ వాళ్ళదే దూరవిద్య ఉంది. కోల్‌కతాలోని సెప్టర్ కేంద్రం ద్వారా క్రైస్తవ అధ్యయనాల్లో డిప్లొమా, ఆ పైన బ్యాచిలర్ పట్టా. పెళ్ళయిన వాళ్ళకు, ఉద్యోగస్థులకు ఇదే నయం. అయితే ఇది దీక్షాభిషేకానికి, అంటే పాస్టరుగా అభిషేకానికి, దారి కాదు.

ఇప్పుడు అసలు దెబ్బ తగిలే చోటు. కాలేజీ వేరు, సంఘం వేరు. ఎంత మంచి మార్కులొచ్చినా కాలేజీ పట్టా ఇస్తుందే గానీ పాస్టరును చేయదు. డయాసిస్ (బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) లేదా సినడ్ (సంఘం పై సభ) తన అభ్యర్థిగా ఎంపిక చేసి పంపితేనే తిరిగొచ్చాక నియామకం మాట. చాలామంది అమ్మాయిలు పాస్టరుగారు ఇచ్చిన సిఫారసు ఉత్తరాన్నే స్పాన్సర్‌షిప్ అనుకుని వెళ్తారు. నాలుగేళ్ళ తర్వాత బిషప్ ఆఫీసుకెళ్తే ‘మేం పంపలేదు కదమ్మా’ అంటారు. కాబట్టి కాలేజీ ఫారం నింపకముందే కమిటీ తీర్మానం కాపీ చేతికి తీసుకోండి. అందులో ‘పరిచర్యకు అభ్యర్థి’ అన్న మాట ఉందా, ఫీజు ఎవరిది, పెళ్ళయితే అభ్యర్థిత్వం ఏమవుతుంది, ఈ మూడూ చూసుకోండి. మూడోది మగపిల్లలను ఎవరూ అడగరు, ఆడపిల్లలను అడక్కుండా ఉండరు.

ఇంకొకటి. ఏడాదిలో ‘డాక్టర్’ చేస్తామని హోటల్ హాల్లో గౌను తొడిగి ఫొటో దింపే సంస్థల జోలికి పోవద్దు. సెరంపూర్ అనుబంధమా, ఏషియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపా అని ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది.

కొర్లగుంట_మార్త
సి.ఎస్.ఐ.లో స్త్రీలకు అభిషేకం ఎప్పటి నుంచి ఉంది సిస్టర్? మా పెద్దలు కొందరు అది ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అంటారు.

రేణిగుంట_బి.డి.
ఈమధ్యది కాదక్కా. సి.ఎస్.ఐ. ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. మొదటి స్త్రీ ప్రెస్బిటర్ (పూర్తి స్థాయి పాస్టరు) అభిషేకం 1976లో. 2013లో ఇ. పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో మొదటి స్త్రీ బిషప్ ఆమే. మన రాయలసీమలోనే జరిగిన సంగతి ఇది, పెద్దలకు గుర్తు చెయ్యండి. క్రమం ఏమిటంటే, ముందు డీకన్, తర్వాత ప్రెస్బిటర్. డీకన్‌గా ఉన్నప్పుడు సంస్కారంలో సాయం చేయవచ్చు, తానే నడపకూడదు. అభిషేకం వద్దు, జీవితమంతా సేవలో ఉంటాం అనేవాళ్ళకు బెంగళూరు విశ్రాంతి నిలయం కేంద్రంగా సి.ఎస్.ఐ. సిస్టర్ల సంఘం 1952 నుంచి ఉంది. తిరుపతి చుట్టుపక్కల లూథరన్ సంఘాల సంగతి వేరు, హెర్మన్స్‌బర్గ్ మిషన్ పునాది మీద వచ్చిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం వాళ్ళది. వాళ్ళ నియమం వాళ్ళ ఆఫీసులోనే రాతపూర్వకంగా అడగండి, ఊరిది కదా, నడిచి వెళ్ళే దూరమే.

చంద్రగిరి_సంఘపెద్ద
అమ్మా, గౌరవంగానే అడుగుతున్నాను. 1 తిమోతి 2:12 స్పష్టంగా ఉంది కదా, స్త్రీ ఉపదేశించడానికి పౌలు సెలవియ్యలేదు. 1 కొరింథీ 14:34 కూడా అదే. చదువుకోనివ్వండి, కాదనను. బల్ల దగ్గర నిలబడటం దేనికి?

రేణిగుంట_బి.డి.
అయ్యగారూ, ఆ రెండు వచనాలనూ ఎవరూ తీసెయ్యడం లేదు. అదే ఉత్తరంలో మూడు అధ్యాయాల ముందు, 1 కొరింథీ 11:5లో, స్త్రీ ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల సంగతి ఏమిటో చెబుతున్నాడు. సంఘంలో నోరే తెరవకూడదంటే ఆ నియమంతో పనేముంది? అందుకే 14:34ను ఆరాధనలో అల్లరిని ఆపే మాటగా చదివేవాళ్ళున్నారు. వాక్యాన్ని తూచి చెప్పే అధికారానికే అది వర్తిస్తుందని చదివేవాళ్ళూ ఉన్నారు. అపొస్తలుల కార్యములు 18:26లో అపొల్లోకు మార్గాన్ని వివరించింది ప్రిస్కిల్ల, అకుల ఇద్దరూ. రోమా 16:1లో కెంక్రేయ సంఘపు పరిచారకురాలు ఫీబే ఉంది. 2 రాజులు 22లో ధర్మశాస్త్ర గ్రంథం దొరికితే రాజు మనుషులు వెళ్ళింది హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరికి. బ్రదరన్ సమావేశాలు తిమోతి వచనాన్ని అన్ని కాలాలకూ కట్టడగా తీసుకుంటాయి, స్త్రీల అభిషేకాన్ని ఒప్పుకునేవాళ్ళు చాలామంది తిమోతి ఉన్న ఎఫెసు పరిస్థితిలో చెప్పిన మాటగా తీసుకుంటారు. మీ సంఘం ఏది ఎంచుకున్నా సరే. అయితే 2:12 చదివినవాళ్ళు 2:11 కూడా చదవాలి, అక్కడ స్త్రీ నేర్చుకోవాలని ఆజ్ఞ ఉంది. ఆ ఆజ్ఞకు మన సంఘాల్లో బడ్జెట్ ఎంత?

చంద్రగిరి_సంఘపెద్ద
బల్ల విషయంలో నా మాట మారదు. నేర్చుకోవడం గురించి మీరన్నది మాత్రం న్యాయం. మా సంఘంలో దానికి పైసా లేదు.

మదనపల్లె_మాష్టారు
పాస్టరమ్మల, అంటే పాస్టర్ల భార్యల, మాట ఎవరూ ఎత్తలేదు. మిషన్ల కాలంలో బైబిల్ స్త్రీలని ఉండేవారు. వాళ్ళకు శిక్షణ ఉండేది, చిన్నదో పెద్దదో జీతం ఉండేది, ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించి లెక్క చెప్పేవారు. ఆ ఉద్యోగం పోయింది, పనంతా పాస్టరమ్మ నెత్తిన పడింది. సండే స్కూలు, స్త్రీల సమాజం, రోగుల దర్శనం, పెళ్ళి గొడవల పంచాయితీ, అన్నీ ఆమే. శిక్షణ లేదు, గౌరవ వేతనం లేదు. మీ సమాజం డబ్బులు కూడబెడుతుంటే ముందు ఆమెకు ఆ దూరవిద్య డిప్లొమా ఫీజు కట్టండి.

విచారణ_ఉపదేశి
మీ గుంపులో ఒక కతోలిక అక్క ఉన్నారన్నారు, అందుకని మా వైపు సంగతి. గురువుగా (ఫాదర్‌గా) అభిషేకం స్త్రీలకు లేదు. కతోలిక సంఘ ధర్మశాస్త్రం (కానన్ లా) 1024వ సూత్రం అదే చెబుతుంది, 1994లో రెండవ జాన్ పాల్ పోపుగారు దాన్ని మళ్ళీ ఖాయం చేశారు. మిగతా తలుపులు మాత్రం జనం అనుకునేదాని కంటే ఎక్కువే తెరిచి ఉన్నాయి. పఠనాలు చదివే లెక్టర్, పీఠం దగ్గర సేవ చేసే అకొలైట్, ఈ రెండింటి స్థిర నియామకం 1972 నియమం ప్రకారం పురుషులకే ఉండేది. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపుగారు 230వ సూత్రాన్ని మార్చి స్త్రీలకూ తెరిచారు. అదే ఏడాది మేలో ఉపదేశి సేవను కూడా స్థిరమైన సేవగా నెలకొల్పారు. గురువుల కొరత ఉన్నచోట దివ్యసత్ప్రసాదం పంచడానికి స్త్రీలను నియమించవచ్చు. పూజలో సువిశేషం తర్వాతి ప్రసంగం మాత్రం గురువుకో డీకన్‌కో చెందినది. వేరే వేళల్లో గుడిలో మాట్లాడటానికి అనుమతి తీసుకోవచ్చు.

అత్యవసర జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వచ్చు. నర్సులు దీన్ని సరిగ్గా తెలుసుకోవాలి. తల మీద చర్మానికి తగిలి పారేలా మూడుసార్లు నీళ్ళు పోస్తూ, బిడ్డ పేరు చెప్పి, ‘పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున’ జ్ఞానస్నానం ఇస్తున్నానని పోసేవాళ్ళే అనాలి. ఒకరు పోసి ఇంకొకరు అంటే కుదరదు. తడిగుడ్డతో తుడిస్తే కుదరదు. తర్వాత విచారణ (పారిష్) గురువుకు తేదీ, సాక్షి పేరు చెప్పి రిజిస్టర్‌లో రాయించాలి. రాయించకపోతే పదిహేనేళ్ళకు భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) దగ్గర తంటా వస్తుంది.

మఠంలో చేరాలనుకునే అమ్మాయిలకు: తొలి శిక్షణ కాలమైన నొవిషియేట్‌కు పదిహేడేళ్ళు నిండాలి. అది కనీసం పన్నెండు నెలలు, మొత్తం రెండేళ్ళు దాటకూడదు. తర్వాత తాత్కాలిక మాటపట్టు (వ్రతం) మూడేళ్ళకు తక్కువ కాకుండా. నిత్య మాటపట్టుకు ఇరవై ఒకటి నిండాలి. అంటే మధ్యలో తిరిగి రావడానికి దారి ఎప్పుడూ ఉంటుంది, అది సిగ్గుపడే విషయం కాదని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. అయితే 702వ సూత్రం ప్రకారం బయటికొచ్చినవాళ్ళు చేసిన పనికి జీతం అడగలేరు. మఠం న్యాయంగా, దయగా చూడాలని మాత్రం ఉంది. అందుకే డిగ్రీ పూర్తి చేసి వెళ్ళడం మేలు.

చిత్తూరు_వకీలు
పెళ్ళి విషయం ఎవరూ తేల్చలేదు. 1872 క్రైస్తవ వివాహ చట్టం అయిదో సెక్షన్ చూడండి. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందినవాళ్ళు తమ సంఘ ఆచారం ప్రకారం పెళ్ళి జరిపించవచ్చు. సి.ఎస్.ఐ. స్త్రీ ప్రెస్బిటర్ దీని కిందికే వస్తారు. చట్టంలో పుంలింగం వాడినంత మాత్రాన ఆడవాళ్ళు బయటికి పోరు, 1897 జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ ఆ సందేహం తీర్చింది. చాలా స్వతంత్ర సంఘాల్లో అలా బిషప్ అభిషేకం ఉండదు. అక్కడ పాస్టరైనా పాస్టరమ్మయినా ప్రభుత్వ లైసెన్సు ఉండాల్సిందే. బోర్డు మీద రెవరెండ్ అని రాసుకుంటే లైసెన్సు కాదు. అధికారం లేకుండా జరిపించడం 68వ సెక్షన్ కింద నేరం. ఆ జంట పాస్‌పోర్టుకో వీసాకో వెళ్ళినప్పుడు సర్టిఫికెట్ చెల్లక ఇద్దరూ ఇరుక్కుంటారు.

సాధారణ నియమంగా పెళ్ళి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపలే జరగాలి. సాక్షులు కనీసం ఇద్దరు. ముహూర్తం రాత్రికి పెట్టుకుని చర్చికి వచ్చేవాళ్ళు మన వైపు తక్కువేం కాదు, ముందే చెప్పండి.

పుత్తూరు_రూతక్క
వాక్యం ఎట్ల చెప్పాలో కూడా ఎవురన్నా చెప్పండయ్యా. మైకు ఇస్తే చేతులు వణికేవాళ్ళే ఎక్కువ.

రేణిగుంట_బి.డి.
మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినంతో మొదలుపెట్టించండక్కా. ఏటా ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమం రాస్తారు, 2024లో పాలస్తీనా, 2025లో కుక్ దీవులు. క్రమం రాసే ఉంటుంది కాబట్టి ఒకరు చదవడం, ఒకరు ప్రార్థన, ఒకరు పది నిమిషాల వర్తమానం అని పంచుకోవచ్చు. స్త్రీలు బోధించకూడదనే సంఘాల్లో కూడా ఆ రోజుకు అభ్యంతరం తక్కువ.

పది నిమిషాలకు ఒక్కటే భాగం, ఒక్కటే మాట. అరచేతి కాగితం మీద మొదటి వాక్యం, చివరి వాక్యం పూర్తిగా రాసుకోవాలి, మధ్యలోవి గుర్తులుగా చాలు. చివరి వాక్యం రాసుకోనివాళ్ళే ‘ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను’ అని నాలుగుసార్లు అంటారు. మైకు గడ్డానికి కొంచెం కిందగా, జానెడు దూరంలో. వచనం చెప్పాక జనం పేజీ తిప్పుకునే దాకా ఆగాలి.

ఆసుపత్రి దర్శనానికి మూడు కట్టుబాట్లు. రోగిగానీ ఇంటివాళ్ళుగానీ అడిగితేనే ప్రార్థన, అదీ రెండు నిమిషాలు, చిన్న గొంతుతో. వార్డుల్లో కరపత్రాలు పంచవద్దు. తిరుమల కొండ మీదైతే అన్యమత ప్రచారానికి చట్టమే ఒప్పుకోదు, కొండకు పోయే బస్సుల దగ్గర కూడా ఆ ఊసెత్తకండి. విశ్వాసముంటే మాత్రలు ఆపమని ఎవరితోనూ అనకూడదు. మూర్ఛ మందులు, టీబీ మందులు మధ్యలో మానితే ప్రాణం మీదికి వస్తుంది.

విచారణ_ఉపదేశి
నాలుగోది నేను కలుపుతాను: ప్రార్థన అంశాలు వాట్సాప్‌లో పెట్టకండి. ‘ఫలానా అక్క భర్త తాగుడు మానాలి’ అని పెట్టిన పది నిమిషాలకు ఆ భర్త ఫోన్లోనే వస్తుంది. కొట్టే ఇంటికి ప్రార్థనతో పాటు మహిళల సహాయ నంబరు 181 కూడా ఇవ్వండి. చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరిగిందని సండే స్కూల్ టీచరుకు తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం విధి, సంఘంలో సర్దుకోవడం కుదరదు.

కొర్లగుంట_మార్త
అందరికీ చాలా వందనాలు. రెండు గుంపులు చేసి మార్కుతో మొదలుపెడతాం, పాస్టరమ్మ ఫీజు కమిటీలో పెడతాను. అమ్మాయిలిద్దరిలో ఒకరిది స్వతంత్ర సంఘం, స్పాన్సర్ చేసే డయాసిస్ లేదు. ఆ పిల్ల పరిస్థితి ఏమిటి?

రేణిగుంట_బి.డి.
సొంత ఖర్చుతో చేర్చుకునే కాలేజీలు ఉన్నాయక్కా, పరీక్ష, ఇంటర్వ్యూ పాసవ్వాలి. చదువయ్యాక బైబిల్ సొసైటీ లాంటి అనువాద, సాహిత్య సంస్థల్లో, ఆసుపత్రుల్లో రోగులకు ఆత్మీయ సేవ చేసే చాప్లిన్ విభాగాల్లో, స్కూళ్ళలో ప్రయత్నించవచ్చు. పాస్టరే కావాలంటే మాత్రం చేరేముందే సభ్యత్వం ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. సభ్యత్వం మార్చుకున్నాక అభ్యర్థిగా తీసుకోవడానికి కొన్ని డయాసిస్‌లు ఇన్నేళ్ళని గడువు పెడతాయి. అది కనుక్కుని, రెండేళ్ళు ఆగమంటే ఈలోపు దూరవిద్య డిప్లొమా చేయించండి.